పుస్తకాల పురుగు, పుస్తకాలకు పట్టే పురుగు



ప్రతి ఏడాదీ ఈ సంచికలో మీరిచ్చిన సొమ్ముకు లెక్క చెబుతూ వస్తున్నాం. ఈసారి ఒక నష్టం లెక్క కూడా చెప్పాలి. మా సాయంకాలపు చదువు కేంద్రంలో మీరు కొనిచ్చిన పుస్తకాలతో ఒక చెక్క బీరువా ఉంది. పుస్తకాలు పాడవుతాయని, పోతాయని తాళం వేసి భద్రంగా ఉంచాం. మొన్నటి వానాకాలం వెళ్ళాక తలుపు తీసి చూస్తే కింది రెండు అరల్లోనూ పుస్తకాల అట్టలున్నాయి గానీ లోపల కాగితం లేదు. గోడలోంచి వచ్చిన చెద కాగితమంతా తినేసి, ఆ చోట మట్టి నింపిపోయింది.

పిల్లలతో కలిసి అరలు శుభ్రం చేస్తుంటే ఒక అబ్బాయి పక్కనున్న తొమ్మిదో తరగతి అమ్మాయిని చూపించి, "పుస్తకాల పురుగు ఇక్కడే ఉంది సార్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "తిన్నది నేను కాదు సార్. నాకు బీరువా తాళం ఎప్పుడూ ఇవ్వలేదు కదా" అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ వారమంతా కేంద్రంలో పిల్లలకు 'పురుగు' అనే మాట మీదే పాఠం చెప్పాం. ఆ పాఠాన్ని కాస్త పెంచి మీ ముందు పెడుతున్నాం.

పురుగు, క్రిమి, కీటకం

'పురుగు' అచ్చమైన తెలుగు మాట. పాత రూపం 'పురువు'. తమిళంలో పుళు, కన్నడంలో హుళు దీనికి చుట్టాలు. తమిళులు పాకే దాన్ని పుళు అని, ఎగిరే దాన్ని పూచ్చి అని వేరు చేస్తారు. మనం రెంటికీ పురుగు అనే అంటాం. పాకేదీ పురుగే, ఎగిరేదీ పురుగే, తొలిచేదీ పురుగే.

'క్రిమి', 'కీటకం' సంస్కృతం నుంచి వచ్చినవి. మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలోని 'కీడా' ఆ కీటం నుంచి పుట్టిందే. ఫార్సీలో పురుగును 'కిర్మ్' అంటారు. సంస్కృతంలోని క్రిమికీ దానికీ మూలం ఒకటే. ఇంట్లో 'కీడా' అని విన్న పిల్లలు బడిలో 'కీడు' అనే తెలుగు మాట విని రెండూ ఒకటేననుకుంటారు. కీడు అంటే హాని. కీడా అంటే పురుగు. వినడానికి దగ్గరగా ఉన్నా ఈ రెంటికీ సంబంధం లేదు. పురుగులన్నీ కీడు చేసేవే అనుకునే పొరపాటు మాత్రం పెద్దవాళ్ళలోనూ ఉంది.

ఇక శాస్త్రం చెప్పే లెక్క వేరు. ఆరు కాళ్ళు, తల-రొమ్ము-పొట్ట అనే మూడు భాగాల శరీరం, తలమీద ఒక జత స్పర్శకాలు ఉంటే అది కీటకం. ఈ కొలతబద్ద పెట్టి చూస్తే మనం పురుగు అని పిలిచే వాటిలో కొన్ని కీటకాలు కావు. తొలకరి వానలకు ఎర్రని మఖమల్లులా కనిపించే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళు. అది నల్లి జాతిది. సాలెపురుగుకూ ఎనిమిది కాళ్ళే. కడుపులోని నులిపురుగులకు కాళ్ళే ఉండవు. పంటి పురుగు అసలు పురుగే కాదు. పన్ను పుచ్చడానికి కారణం కంటికి కనిపించని సూక్ష్మజీవులు. పల్లెలో పామును పేరు పెట్టి పిలవడానికి భయపడి 'పురుగు ముట్టింది' అంటారు. అక్కడ పురుగు అంటే పాము.

అంటే పురుగులన్నీ కీటకాలు కావు. కీటకాలన్నిటినీ మనం పురుగు అనం కూడా. ఈగను ఈగ అని, చీమను చీమ అని, సీతాకోకచిలుకను దాని పేరుతోనే పిలుస్తాం. కానీ అదే సీతాకోకచిలుక రెక్కలు రాకముందు గొంగళి 'పురుగు'.

వాడుకలో తేడా

తెలుగులో పురుగు మాటకు మర్యాద తక్కువ. 'పురుగును చూసినట్టు చూశారు' అంటే అవమానించారని. 'పురుగులు పడి పోతావు' అన్నది శాపనార్థం. 'అనుమానం పురుగులా తొలుస్తోంది' అంటే మనశ్శాంతి లేదని. ఇన్ని చెడ్డ వాడుకల మధ్య 'పుస్తకాల పురుగు' వచ్చి చేరింది. ఇంగ్లీషులోని బుక్‌వార్మ్‌ను తెలుగు చేసుకున్న మాట ఇది. ఉర్దూలో 'కితాబీ కీడా' అన్నా ఇదే. ఎప్పుడూ పుస్తకంలో తల దూర్చి ఉండే మనిషి అని భావం. అనేవారి గొంతును బట్టి అది మెప్పు అవుతుంది, ఎగతాళీ అవుతుంది. మేష్టారు అంటే మెప్పు. తోటిపిల్లలు అంటే ఎగతాళి. 'పెళ్ళి చేయాల్సిన పిల్ల, ఎప్పుడూ పుస్తకాల పురుగే' అని ఇంటికొచ్చిన చుట్టాలు అంటే అది చదువు మానిపించడానికి పడిన మొదటి మెట్టు.

విభక్తి మారితే అర్థం మారిపోతుంది, చూడండి. 'పుస్తకాల పురుగు' మనిషి. 'పుస్తకాల్లో పురుగు' కీటకం. 'పుస్తకాలకు పురుగు పట్టింది' అంటే నష్టం. 'పుస్తకాల పిచ్చి పట్టింది' అంటే మళ్ళీ మనిషే.

క్రియాపదం కూడా తేడా చెబుతుంది. అబ్బాయి గురించయితే 'మా పుస్తకాల పురుగు వచ్చాడు' అంటాం. మనిషేనని వెంటనే తెలుస్తుంది. అమ్మాయి గురించయితే 'మా పుస్తకాల పురుగు వచ్చింది' అంటాం. చెదపురుగు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. తెలుగు వ్యాకరణంలో ఏకవచనంలో ఆడపిల్లకూ పురుగుకూ క్రియ ఒక్కటే. బహువచనంలోకి వస్తేనే ఆడపిల్లలు 'వచ్చారు', పురుగులు 'వచ్చాయి'. ఈ సంగతి పాఠంలో చెప్పినప్పుడు మా అమ్మాయిలు, "అయితే మేం నలుగురం కలిసి వస్తేనే మనుషుల లెక్కా సార్?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. వ్యాకరణాన్ని మేము మార్చలేం. నలుగురు కలిసి వచ్చి కూర్చునే చోటు మాత్రం ఏర్పాటు చేయగలం.

పుస్తకాన్ని నిజంగా తినేవి

పుస్తకాల పురుగు అనే పేరుతో ప్రత్యేకంగా ఒక కీటకం లేదు. పుస్తకాన్ని పాడుచేసేవి చాలా ఉన్నాయి, వాటి పద్ధతులు వేరు. చెదపురుగు కాగితంలోని నారనే తింటుంది. అది నేలనూ గోడనూ ఆనుకుని, తేమా చీకటీ ఉన్నచోట, మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తుంది. వెండిలా మెరుస్తూ చురుగ్గా పరుగెత్తే రెక్కలు లేని పురుగు అట్టకు రాసిన జిగురునూ, గంజినీ, కాగితం పైపొరనూ గీరి తింటుంది. కొన్ని రకాల పెంకు పురుగుల పిల్లలు అట్ట నుంచి అట్టకు సన్నని సొరంగాలు తొలుస్తాయి. పాత పుస్తకంలో సూదితో పొడిచినట్టు కనిపించే గుండ్రని రంధ్రాలు వాటి పనే. ఇక కంటికి ఆనీ ఆనని పుస్తక పేలు కాగితాన్ని పెద్దగా తినవు. తేమకు పట్టిన బూజును తింటాయి. అవి కనిపించాయంటే గదిలో చెమ్మ ఉందని గుర్తు.

వీటితో మన పెద్దలు చాలా కాలం నుంచే పోరాడారు. తాటాకు గ్రంథాల మధ్య వేపాకు, వసకొమ్ము పెట్టేవారు. అరబ్బీ, ఫార్సీ చేతిరాత ప్రతుల్లో మొదటి పుటలోనో చివరి పుటలోనో 'యా కబీకజ్' అని రాసి ఉండటం గ్రంథాలయాల్లో నేటికీ చూడవచ్చు. కబీకజ్ పురుగులకు రాజని, ఆ పేరు చూస్తే పురుగులు పుస్తకాన్ని ముట్టవని లేఖకుల నమ్మకం. నిజానికి కబీకజ్ అన్నది ఒక విషపు మొక్క పేరు. మొక్క పేరే కాలక్రమంలో రాజు పేరయిందని పండితులు ఊహిస్తారు. పేరు రాసినంత మాత్రాన పురుగు ఆగదు. కానీ ఒక పుస్తకం మీద ఆ లేఖకుడికి ఎంత ప్రేమ ఉందో ఆ రెండు మాటలు చెబుతాయి.

మన ప్రాంతంలోనే చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలయింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికలూ పుస్తకాలూ వెతుక్కుంటూ దూరప్రాంతాల నుంచి పరిశోధకులు ఆ ఊరికి వస్తారు. కాగితం వందేళ్ళు నిలవడం మాటలు కాదు. సముద్రం దగ్గర, ఉప్పుగాలిలో, వానలో నిలబెట్టాలంటే ఎవరో ఒకరు రోజూ తలుపు తీయాలి, దుమ్ము దులపాలి, అడిగినవారికి పుస్తకం తీసి ఇవ్వాలి. చదివేవారు వచ్చిపోయే చోట చెదకు స్థిమితం దొరకదు.

గ్రంథాల్లో పురుగు

పురుగును తక్కువగా చూడకూడదని మన ధర్మమే నేర్పుతుంది. దివ్యఖుర్ఆన్‌లో తేనెటీగ పేరుతో ఒక సూరా, చీమ పేరుతో ఒక సూరా, సాలెపురుగు పేరుతో ఒక సూరా ఉన్నాయి. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) చేతికర్రను నేల పురుగు తినేయడం వల్లనే ఆయన మరణించిన సంగతి జిన్నులకు తెలిసిందని సబా సూరాలో ఉంది.

మక్కాలో ఖురైషీలు బనూ హాషిం కుటుంబాలను వెలివేస్తూ ఒక ఒప్పందం రాసి కాబాలో పెట్టారు. వారితో పెళ్ళి సంబంధాలు, క్రయవిక్రయాలు వద్దన్న ఆ కట్టడి సుమారు మూడేళ్ళు సాగింది. చివరికి తీసి చూస్తే అల్లాహ్ పేరు ఉన్న భాగం తప్ప మిగిలినదంతా చెద తినేసిందని ప్రవక్త (స) జీవిత చరిత్రలు చెబుతాయి. అన్యాయపు కాగితాన్ని తిన్నదీ చెదే, మా బీరువాలో పిల్లల పుస్తకాలు తిన్నదీ చెదే. దానికి తేడా తెలియదు. ఏ కాగితం నిలవాలో చూసుకోవాల్సిన బాధ్యత మనిషిది.

చేలో పురుగు

పత్తి, మిరప పండించే ఈ నేలమీద పురుగు అన్న మాట పుస్తకంలో ఉండిపోదు. మనలో ఎందరి తాతలో దూది ఏకి, పరుపులు కుట్టి బతికారు. ఇవాళ మన కుటుంబాల్లో కొందరు కౌలుకు మిరప వేస్తారు. చాలామంది ఆడవాళ్ళు కాయ కోతకు, పత్తి తీతకు వెళతారు. ఇక్కడ పేరు తప్పితే డబ్బు పోతుంది.

రైతు భాషలో 'దోమ' అంటే మనల్ని కుట్టే దోమ కాదు. పచ్చదోమ, తెల్లదోమ ఆకు రసం పీల్చే కీటకాలు. 'నల్లి' అంటే మంచంలో నల్లి కాదు, ఎనిమిది కాళ్ళ సూక్ష్మ జీవి. అది కీటకమే కాదు. 'పేనుబంక' తలలో పేను కాదు. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే పై ముడత. అది ఎక్కువగా తామర పురుగు పని. ఆకు కిందికి ముడుచుకుంటే కింది ముడత. అది తెల్లనల్లి పని. తామర పురుగు కీటకం, నల్లి కీటకం కాదు. కాబట్టి ఒకదాని మందు రెండోదానికి చాలాసార్లు పనిచేయదు. వైరస్ వల్ల వచ్చే ముడతయితే ఏ మందుకూ నయం కాదు. దాన్ని మోసుకొచ్చే తెల్లదోమను ముందే అదుపు చేయాలి. 'ముడత వచ్చింది, పురుగుమందు ఇవ్వు' అని దుకాణంలో అడిగితే ఈ మూడింటిలో దేనికిస్తారు?

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తుడిచిపెట్టింది. కాయతొలుచు పురుగు మీద సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మళ్ళీ మళ్ళీ కొట్టడంతో మేలు చేసే కీటకాలు చచ్చి, తెల్లదోమ విజృంభించింది. ఒక పురుగుకు కొట్టిన మందు ఇంకో పురుగును పెంచింది. అప్పులపాలైన రైతులు ఆ పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిని చాలామంది 'పురుగు పట్టని విత్తనం' అనుకున్నారు. అది ఆపేది కాయతొలుచు పురుగులను మాత్రమే. రసం పీల్చే పురుగులకు దానితో పని లేదు. తరువాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరి తోటలకు తోటలే ఊడ్చేసింది. పాత తామర పురుగు ఆకుల మీద ఎక్కువగా కనిపిస్తే, ఇది పువ్వుల్లో గుంపులుగా చేరుతుంది. పేరులో 'నల్ల' అన్న ఒక్క మాట ఎంత తేడా చెబుతుందో రైతులకు ఆ ఏడాది తెలిసింది.

'పురుగుమందు' అన్న మాట పలికేటప్పుడు మా కేంద్రంలో గొంతు తగ్గిస్తాం. మీ సాయంతో చదువుకుంటున్న పిల్లల్లో ఆ మందు వల్ల తండ్రిని పోగొట్టుకున్నవారు ఉన్నారు.

తాళం అడిగిన ఆ అమ్మాయి తండ్రి కౌలు రైతే. పోయిన ఏడాది ఆయన అప్పు మీద ఒక మందు డబ్బా తెచ్చారు. ఆ అమ్మాయి డబ్బా మీది చీటీ చదివింది. అది కాయతొలుచు పురుగుకు అని ఉంది. చేలో ఆకు చూస్తే కిందికి ముడుచుకుని ఉంది. "అబ్బా, ఇది మన చేనుకు కాదు" అని చెప్పింది. ఆయన ముందు కసిరారు. తరువాత ఒక ఆకు తెంచుకుని వ్యవసాయ సహాయకుడికి చూపించారు. కూతురు చెప్పిందే నిజమయింది. మూత తీయని డబ్బాను తిరిగి ఇచ్చేశారు. డబ్బా మీది రంగు త్రికోణాన్ని కూడా ఆ పిల్లే ఇంట్లోవాళ్ళకు వివరించింది. ఎరుపు అయితే అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతాయి. ఆకుపచ్చ ఉన్నా విషం విషమే.

చేనుకు పట్టిన పురుగును గుర్తుపట్టింది ఆ ఇంటి పుస్తకాల పురుగు.

అందరు చదువరులూ ఒకటి కాదు

పుస్తకాల పురుగులందరినీ మెచ్చుకోవాలని కూడా మేము అనడం లేదు. పుస్తకాన్ని పైపైన తాకి వదిలేసేవారిని మన పండితులు 'గ్రంథచుంబకుడు' అన్నారు. అల్లామా ఇక్బాల్ 1923లో వెలువరించిన ఫార్సీ సంపుటి 'పయామె మష్రిఖ్'లో 'కిర్మె కితాబీ' అనే చిన్న కవిత ఉంది. ఇబ్నె సీనా పుటల్లో కాపురమున్న పురుగు తనకు జీవిత రహస్యం అంతుపట్టలేదని దీపపు పురుగుతో మొరపెట్టుకుంటుంది. అది పుస్తకంలో దొరికేది కాదని సగం కాలిన ఆ దీపపు పురుగు జవాబిస్తుంది. కాగితం నమిలిన పురుగుకు అక్షరం అబ్బదు. మార్కుల కోసం బట్టీ పట్టి పరీక్ష అయ్యాక మరిచిపోయే చదువూ అలాంటిదే. చదివింది చేలోకి, ఇంట్లోకి, పదిమందికి పనికొచ్చే చోటికి వెళ్ళినప్పుడే కీటకానికీ చదువరికీ తేడా నిలుస్తుంది.

మేము దిద్దుకున్నది

నష్టం చెద వల్ల జరిగినా తప్పు మాది. పుస్తకాలను కాపాడుతున్నామనుకుని పిల్లలకు అందకుండా దాచాం. పిల్లల చెయ్యి పడని పుస్తకం మీద చెద పడింది.

ఇప్పుడు మిగిలిన పుస్తకాలను గోడకు జానెడు దూరంగా, నేలకు ఎత్తుగా ఇనుప అరల్లో పెట్టాం. తాళం తీసేశాం. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాసే పుస్తకం ఆ అమ్మాయి చేతిలోనే పెట్టాం. నెలకోసారి పిల్లలే పుస్తకాలన్నీ దించి, దులిపి, గాలికి ఆరబెడుతున్నారు. కొన్ని అట్టలు నలిగాయి, కొన్ని పుటల మీద పచ్చడి మరకలు పడ్డాయి. వాటిని మేము నష్టం కింద రాయడం లేదు.

ఖుర్ఆన్‌లో మొదట అవతరించిన మాట 'ఇఖ్రా', చదువు అని. ఆ ఆజ్ఞ మగపిల్లలకు మాత్రమే వచ్చింది కాదు. మీ ఇంట్లో ఏ అమ్మాయినైనా 'పుస్తకాల పురుగు' అని ఎవరైనా ఎగతాళి చేస్తే, 'అవును, చెద పట్టకుండా కాపలా కాస్తోంది' అని జవాబు చెప్పండి. మీరిచ్చే తరువాతి పుస్తకాన్ని బీరువా కోసం కాక, ఒక చదువరి చేతి కోసం ఇవ్వండి.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. మన పిల్లల చదువును, మన రైతుల పంటను ఆయన కాపాడుగాక. ఆమీన్.